ఉత్తరం ముందొచ్చింది

మొన్న ఆదివారం మా మనవడు సోఫాలో కాళ్ళు ముడుచుకు కూర్చుని ఫోనులో ఏవో లెక్కలు చూసుకుంటున్నాడు. ఇంటర్వ్యూకి ఢిల్లీ వెళ్ళాలిట. ఉన్నట్టుండి తలెత్తి, "బామ్మా, ఇదేం లెక్కో చూడు! ఇక్కణ్ణుంచి ఢిల్లీకి విమానం దారి 1750 కిలోమీటర్లు. గాలిలో ఉండేది రెండున్నర గంటల లోపే. టికెట్టు మీద మాత్రం 2 గంటల 50 నిమిషాలని వేశారు. మిగతా సమయం ఎవరు మింగేసినట్టు?" అన్నాడు.

నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. "వంట ఎంతసేపురా అంటే మగవాళ్ళు పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి చెబుతారు. కూరలు తరుక్కోవడం, గిన్నెలు సర్దుకోవడం ఎవరి లెక్కలోకి వస్తాయి? ఆ విషయంలో నీ విమానంవాళ్ళే నయం. అన్నీ కలిపి చెప్పారు" అన్నాను.

నిజమే మరి. టికెట్టు మీద వేసేది విమానం ఎగిరే సమయం కాదు. ఎక్కిన చోట అది కదిలిన క్షణం నుంచి, దిగే చోట వచ్చి ఆగిన క్షణం దాకా లెక్క. రన్‌వే దాకా మెల్లిగా నడుచుకుంటూ పోవడం, ముందున్న విమానాల వెనక వరసలో నిలబడడం, దిగాక మళ్ళీ అంత దూరం నడవడం - అన్నీ అందులోవే. ఆలస్యమైందన్న మాట రాకుండా కంపెనీలు ఇంకో పది నిమిషాలు కలిపి వేసుకుంటాయి కూడా. వందమంది భోజనానికి వస్తారంటే నూటఇరవై మందికి వండించుకున్నట్టన్నమాట.

వాడు నవ్వి మళ్ళీ ఫోనులో పడ్డాడు. నాకు మాత్రం ఆ 1750 అన్న అంకె మనసులో ఉండిపోయింది. మద్రాసుకీ ఢిల్లీకీ మధ్య దూరం - 1996 నుంచి చెన్నై అంటున్నా నా నోటికి మద్రాసే - మా ఇంట్లో ఒకప్పుడు చాలా పెద్ద మాట. ఆ దూరం దాటలేక మా పెద్దమ్మ కన్నతల్లి కడచూపుకి నోచుకోలేదు. ఆ కథ చెప్పేముందు, అసలు ఆ దూరం కథ కొంచెం చెప్పాలి.

రెండు ఊళ్ళ మధ్య దూరం ఒకటే ఉంటుందని మనం అనుకుంటాం. కాదు. రైలు దూరం వేరు, విమానం దూరం వేరు. 1929లో మొదలైన గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ - మన వాళ్ళందరి నోటా జీటీ - మద్రాసు నుంచి ఢిల్లీకి దాదాపు 2200 కిలోమీటర్లు నడుస్తుంది. పాపం, దానికి పట్టాలున్న దారే దారి. బెజవాడ వెళ్ళి కృష్ణ దాటాలి, కాజీపేట తిరగాలి, గోదావరి దాటాలి, నాగపూరు, ఇటార్సీ, భోపాలు, ఝాన్సీ, ఆగ్రా పలకరించుకుంటూ పోవాలి. విమానానికి ఆ మొహమాటాలు లేవు. గుమ్మడికాయ మీద రెండు చోట్ల గుండుసూదులు గుచ్చి, వాటి మధ్య దారాన్ని బిగువుగా లాగి పడితే ఎంత పొడవు వస్తుందో, భూమి మీద విమానానికి అదే దగ్గర దారి. మద్రాసు నుంచి ఢిల్లీకి అలా దారం లాగితే వచ్చేది ఆ 1750. రైలు కంటే నాలుగు వందల కిలోమీటర్లకు పైగా కలిసొస్తుంది.

ఇంకో చిత్రం ఏమిటంటే, ఆ దారానికి ఇంచుమించు మధ్యలో నాగపూరు తగులుతుంది. మద్రాసు నుంచి నాగపూరుకి సుమారు 900 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి ఢిల్లీకి సుమారు 850. నాగపూరులో దిగి వెళ్ళినా దారి పదో పదిహేనో కిలోమీటర్ల కంటే పెరగదు. దేశానికి నడిమధ్య అని చెప్పుకునే జీరో మైల్ రాతిస్తంభం ఉన్నది ఆ ఊళ్ళోనే. ఈ నాగపూరుని కాస్త గుర్తుపెట్టుకోండి. తర్వాత పని పడుతుంది.

దూరం దేవుడు పెట్టింది. కాలం మాత్రం మనుషులు కష్టపడి తగ్గించింది. అది తగ్గిన తీరు చూడండి.

1932కి ముందు సీమనుంచి వచ్చే ఉత్తరాలు విమానంలో కరాచీ దాకా వచ్చేవి. అక్కణ్ణుంచి మద్రాసుకి రైలే గతి. ఆ ఏడాది అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీలో ఒంటి ఇంజను పుస్‌మాత్ విమానంలో ఉత్తరాల సంచి పెట్టుకుని ఒక్కడే బయలుదేరాడు. అప్పటికి ఆయనకి 28 ఏళ్ళు. అహ్మదాబాదులో దిగితే పెట్రోలు ఎడ్లబండి మీద వచ్చిందిట! అది పోయించుకుని బొంబాయి జుహూలో వాలాడు. అక్కడ నెవిల్ విన్సెంట్ అనే పైలట్ సంచి అందుకుని మద్రాసు వైపు తిరిగాడు. మధ్యలో మజిలీ ఎక్కడనుకున్నారు? మన బళ్ళారి! అప్పట్లో అది మద్రాసు రాష్ట్రంలోదే. తెలుగూ కన్నడమూ కలిసి కాపురం చేసే ఊరు.

బళ్ళారిలో ఆ రాత్రి విమానం ఆగిపోయింది. ఎందుకంటే చీకట్లో ఎగిరే ఏర్పాటు లేదు. నేలమీద దారి చూపే దీపాలు లేవు, విమానంలో మాట్లాడే రేడియో లేదు. పైలట్ మోకాళ్ళ మీద మ్యాపు పరుచుకుని, కింద నదులూ రైలుపట్టాలూ చూసుకుంటూ పోవలసిందే. గంటకి 170 కిలోమీటర్లు పోయే ఆ చిన్న విమానం మర్నాడు తెల్లవారాక బయలుదేరి మద్రాసు చేరింది. పగలంతా రైలుని గెలిచిన విమానం, రాత్రి పడుకునేసరికి మళ్ళీ రైలుకి కొంత ఓడిపోయేది. రైలు పడుకోదు కదా!

ఆ రాత్రిని గెలవడానికి మరో పదిహేడేళ్ళు పట్టింది. యుద్ధం అయిపోయాక అమెరికా సైన్యం వదిలేసి పోయిన డకోటా విమానాలని మన కంపెనీలు చవకగా కొనుక్కున్నాయి. స్వతంత్రం వచ్చింది. కమ్యూనికేషన్ల మంత్రి రఫీ అహ్మద్ కిద్వాయ్. ఉత్తరాలు పగలు రాసుకుంటారు, సాయంత్రం పోస్టులో వేస్తారు, మరి అవి రాత్రి ప్రయాణం చేసి తెల్లారేసరికి అవతలి ఊళ్ళో ఉండాలి - ఇదీ ఆయన ఆలోచన. ఇంటి ఇల్లాలు రాత్రి పప్పు నానబోసి పొద్దున్నే రుబ్బుకున్నట్టు! 1949 జనవరి 30న రాత్రి తపాలా విమానాలు మొదలయ్యాయి.

ఇప్పుడు నాగపూరుని గుర్తు తెచ్చుకోండి. రాత్రి పూట ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి ఒక్కొక్క విమానం లేచేది. నాలుగూ అర్ధరాత్రి దాటే వేళకి నాగపూరులో కలుసుకునేవి. ఆ నడిరేయి విమానాశ్రయంలో సంచులు ఒకదాన్లోంచి ఒకదాన్లోకి మారేవి. మద్రాసు విమానం తెచ్చిన ఉత్తరాలలో ఢిల్లీవి ఢిల్లీ విమానంలోకి, కలకత్తావి కలకత్తా విమానంలోకి. తర్వాత నాలుగూ వెనక్కి తిరిగి తెల్లవారేసరికి ఇళ్ళకి చేరేవి. పుట్టింటికి వచ్చిన నలుగురు అక్కచెల్లెళ్ళు పసుపుకుంకుమలూ పిండివంటలూ ఇచ్చిపుచ్చుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళినట్టుండేది కాబోలు.

ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి మామూలు ఉత్తరాలని కూడా అదనపు బిళ్ళ అడగకుండా విమానంలో పంపడం మొదలుపెట్టారు. అంతవరకూ విమానం తపాలా అంటే ఎక్కువ డబ్బు పెట్టేవాళ్ళ వ్యవహారం. ఆ రోజు నుంచి మీదీ నాదీ అయింది. ఉప్పూ పప్పూ ధరలు, పిల్లవాడి జ్వరం, మరదలి సీమంతం - ఇవన్నీ రాత్రికి రాత్రి ఆకాశంలో ఎగురుతూ పోయాయంటే ఎంత ముచ్చటగా ఉంటుంది! ఆ ఏర్పాటు ఇరవై ఏళ్ళకు పైగా సాగింది.

ముచ్చటే కాదు, దానికి ఖరీదూ కట్టారు. వర్షాకాలం మబ్బుల్లో, ఉరుముల మధ్య, ఎత్తుకి ఎగరలేని ఆ పాత విమానాలని రాత్రంతా నడపడం సామాన్యం కాదు. 1953 డిసెంబరులో నాగపూరు నుంచి లేచిన రాత్రి విమానం ఒకటి కూలిపోయి కొన్ని ఇళ్ళల్లో దీపాలు ఆరిపోయాయి. పొద్దున్నే పోస్టుమాన్ ఇచ్చిన కవరు చించేటప్పుడు ఇవన్నీ మనకి తెలుస్తాయా?

ఇక మా పెద్దమ్మ సంగతి.

మా పెద్దనాన్నగారు ఢిల్లీలో గుమాస్తా. పెద్దమ్మ పెళ్ళయి అక్కడికి వెళ్ళినప్పుడు, "ఉత్తరం రాయవే, మర్నాటికి అందుతుందిట" అని అమ్మమ్మ పదేపదే చెప్పిందిట. పెద్దమ్మ రాసేది. వారానికి ఒకటి. మనిషి మాత్రం రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి, పాసో సెలవో కుదిరినప్పుడు, ట్రంకుపెట్టె, కూజా, ఇద్దరు పిల్లలతో జీటీలో దిగేది. రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు. దిగేసరికి ముఖమంతా బొగ్గు నుసి.

1961లో, నాకు పదకొండేళ్ళప్పుడు, ఒక మధ్యాహ్నం అమ్మమ్మ హఠాత్తుగా పోయింది. మావయ్య తంతి ఆఫీసుకి పరుగెత్తాడు. టెలిగ్రాము ఢిల్లీలో పెద్దమ్మ చేతికి అందేసరికి చీకటి పడింది. ఆ రోజు జీటీ వెళ్ళిపోయింది. ఇక మర్నాటి సాయంత్రమే.

రాత్రి విమానం ఉంది. దాంట్లో సంచులే కాదు, మనుషులనీ ఎక్కించుకునేవారు. పగటి విమానం కంటే టికెట్టు తక్కువే. కానీ ఆ తక్కువ కూడా పెద్దనాన్నగారి నెల జీతాన్ని దాదాపు ఊడ్చేసేది. నెలాఖరు. చేబదులు కోసం రెండు ఇళ్ళ తలుపులు తట్టారుట. వాళ్ళవీ నెలాఖరు సంసారాలే. అప్పుడాయన ఏంచేశారంటే, కూర్చుని మావయ్యకి ఉత్తరం రాశారు. "మీ అక్క రేపటి జీటీలో బయలుదేరుతోంది. కార్యక్రమం ఆపవద్దు" అని. పెద్ద పోస్టాఫీసుకి సైకిలు మీద వెళ్ళి స్వయంగా డబ్బాలో వేసి వచ్చారు.

ఆ కవరు ఆ రాత్రి ఢిల్లీలో విమానం ఎక్కింది. నాగపూరులో విమానం మారింది. తెల్లవారేసరికి మద్రాసులో దిగింది. అప్పట్లో ఐసుపెట్టెలు లేవు. మేం పొద్దున్న తొమ్మిది దాకా ఎదురుచూశాం, ఏ కబురైనా వస్తుందేమోనని. ఇక లాభం లేదని తీసుకువెళ్ళారు. మగవాళ్ళు ఇంకా వెనక్కి రాలేదు, పోస్టుమాన్ వచ్చి గుమ్మంలో కవరు ఇచ్చాడు.

ఉత్తరం వచ్చిన రెండో రోజున మనిషి వచ్చింది. రిక్షా దిగి, అరుగు మీద అస్థికల ముంత చూసి, పెద్దమ్మ గడపలోనే కూలబడింది. చాలాసేపటికి మా అమ్మ ఆ ఉత్తరం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. పెద్దమ్మ కవరు మీద ఢిల్లీ ముద్రా, మద్రాసు ముద్రా మార్చి మార్చి చూసింది. "కొద్ది పైసల బిళ్ళ అతికిస్తే ఇది వచ్చేసింది. నాకు అతికించే బిళ్ళ లేకపోయిందే" అంది. అంతే, మరి ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. పెద్దనాన్నగారిని పల్లెత్తు మాట అనలేదు. ఆ నెలాఖరు సంగతి ఆవిడకి తెలియనిదా?

అందుకే విమానాల చరిత్ర చదివినప్పుడు నాకు వేగం కంటే టికెట్టు వైపే చూపు పోతుంది. వేగం సంగతి నిజానికి ఎప్పుడో తేలిపోయింది. డకోటా గంటకి 270 కిలోమీటర్ల చొప్పున పోయేది. 1957లో వచ్చిన వైకౌంట్ దానికి దాదాపు రెట్టింపు. 1964లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ తెచ్చిన కారవెల్ జెట్టు 800 దాకా పోయింది. ముప్ఫై రెండేళ్ళలో 170 నుంచి 800! అక్కడితో ఆగిపోయింది. ఇవాళ మా మనవడు ఎక్కబోయే ఎయిర్‌బస్ కూడా ఇంచుమించు అంతే పోతుంది. శబ్దం పోయే వేగానికి దగ్గరయ్యేకొద్దీ గాలి అడ్డు తగిలి, నూనె విపరీతంగా ఖర్చవుతుంది. దాన్ని దాటి ఎగిరిన కాంకార్డ్ 1976 నుంచి 2003 దాకా కలిగినవాళ్ళని మోసి, ఖర్చు భరించలేక ఇంటికి పోయింది.

మరి ఇన్నేళ్ళలో మారిందేమిటి? ఎక్కే మనిషి. 1953లో విమానాలన్నీ సర్కారు చేతికి వచ్చాయి. 1994లో ఆ చట్టం తీసేశారు, ప్రైవేటు కంపెనీలు నిలదొక్కుకున్నాయి. 2003లో ఎయిర్ డెక్కన్ చవక టికెట్లతో వచ్చింది. అన్నం పెట్టం, మంచినీళ్ళు కూడా కొనుక్కోండి, మిమ్మల్ని మాత్రం చేరుస్తాం అన్న పద్ధతి. చాలామంది ఎగతాళి చేశారు. నేను చెయ్యలేదు. పులిహోర పొట్లం మనం కట్టుకుపోలేమా?

2009 జనవరిలో మా అమ్మ పోయింది. రాత్రి పదకొండింటికి. టెలిగ్రాము అవసరం లేకపోయింది. (దాన్ని 2013లో ఎత్తేశారు కూడా.) అరగంటలో ఢిల్లీలో ఫోను మోగింది. పెద్దమ్మకి అప్పటికి ఎనభై. పెద్దనాన్నగారు లేరు. కొడుకు తెల్లవారుజాము విమానానికి టికెట్లు తీశాడు.

అయితే ఢిల్లీలో జనవరి పొగమంచు గురించి విన్నారు కదా! చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు. తెల్లవారుజామున లేవవలసిన విమానం కదలలేదు. ఆరు, ఏడు, ఎనిమిది... 1750 కిలోమీటర్లలో ఒక్క కిలోమీటరు పెరగలేదు. కాలం మాత్రం పెరిగిపోతోంది. ఇక్కడ పురోహితుడు గడియారం చూస్తున్నాడు. "పెద్దావిడ, ఇంత దూరం ఎందుకు రమ్మన్నారు" అని ఒకరిద్దరు అన్నారు కూడా. మా అన్నయ్య, "మధ్యాహ్నం దాకా ఎవరూ మాట్లాడకండి" అన్నాడు. వాడికీ 1961 గుర్తుంది.

తొమ్మిది దాటాక లేచింది. మీనంబాకంలో దిగి, ట్రాఫిక్కు ఈదుకుని, ఒంటిగంటన్నరకి కారు వాకిట్లో ఆగింది. కొడుకు భుజం పట్టుకుని పెద్దమ్మ లోపలికి వచ్చింది. ఏడవలేదు. ఐసుపెట్టె పక్కన కూర్చుని, అద్దం మీద చేత్తో నిమిరింది. తర్వాత చాలా మామూలుగా, పక్కింటికి వచ్చి మాట్లాడుతున్నట్టు, "అమ్మ దగ్గరికి ముందు నువ్వే పోతున్నావు. చెప్పవే, ఈసారి అందుకున్నానని" అంది.

అక్కడున్న చిన్నపిల్లలకి ఆ మాట అర్థం కాలేదు. అర్థమైనవాళ్ళం ముగ్గురమో నలుగురమో.

నిన్న తెల్లవారుజామున మా మనవడు బయలుదేరాడు. ఇంటి నుంచి విమానాశ్రయానికి గంట ప్రయాణం, అక్కడ రెండు గంటల ముందు నుంచీ పడిగాపులు, దిగాక మళ్ళీ గంట. "చూశావా బామ్మా, రెండు ముప్పావు గంటలన్నది మొత్తం ఏడు గంటలైంది. ఈ సోదంతా లేకపోతే ఎంత బావుండును" అని గొణుగుతూనే చెప్పులు తొడుక్కున్నాడు. పులిహోర పొట్లం సంచిలో పెట్టాను. "దిగగానే ఫోను చెయ్యి నాయనా" అన్నాను.

వాడి విమానం ఆరింటికి లేచింది. నేను కాఫీ కలుపుకుని బాల్కనీలో కూర్చున్నాను. ఇప్పుడు ఆ దారిలో విమానం నాగపూరులో ఆగనక్కర్లేదు. లోపల కూర్చున్నవాళ్ళకి కింద నాగపూరు ఉందన్న సంగతే తెలియదు. అయినా ఏడుంబావు కాగానే లేచి గడియారం చూశాను. ఈపాటికి సగం దారి అయివుంటుంది అనుకుని, ఇడ్లీ పొయ్యి మీద పెట్టాను.